తుక్కు విమానం... తలుపేస్తే ఆకాశం!

గాలివానకు బోర్లాపడిన విమానాన్ని ఎవరు కొంటారు? రెక్క వంగిపోయి, తోక నలిగిపోయి, రన్‌వే పక్కన గడ్డిలో పడివున్న దాన్ని బాగుచేయించడం దండగని బీమా కంపెనీ ఎప్పుడో లెక్క తేల్చేసింది. ఇంజిను, ప్రొపెల్లర్, రేడియోలు... పనికొచ్చేవన్నీ తుక్కు వ్యాపారి ముందే ఊడదీసి అమ్మేసుకున్నాడు. మిగిలింది ఒట్టి రేకు డొల్ల. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ సరిగ్గా ఆ డొల్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు కొందరున్నారు. దాన్ని ట్రాలీ మీద ఇంటికి తెచ్చుకుంటారు. కారు షెడ్డులోకి నెడతారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దానితో కుస్తీపట్టి, చివరికి అందులో కూర్చుని ఎగురుతారు. షెడ్డు గడప దాటకుండానే!

దీనికి హోమ్ సిమ్యులేటర్ అని పేరు. ఇంటి కారు వానలో తడుస్తూ బయట, తుక్కు విమానం భద్రంగా లోపల. ఆ ఇళ్లలో గృహిణుల ఓర్పుకు దండం పెట్టాలి.

ఇలా ఇల్లు చేరేవాటిలో తరచూ కనిపించేది సెస్నా 150. బేగంపేటలో గిరికీలు కొట్టే శిక్షణ విమానాలను చూసినవాళ్లకు ఆ కుటుంబం పోలికలు తెలిసే ఉంటాయి. పైన రెక్క, కింద మూడు చక్రాలు, భుజాలు రాసుకునేంత ఇరుకులో రెండు సీట్లు. 1958 నుంచి 1977 దాకా 23 వేలకు పైగా తయారయ్యాయి. దాని అన్న సెస్నా 172 నాలుగు సీట్లది. 44 వేలు దాటింది. ప్రపంచంలో ఇంకే విమానమూ అన్ని తయారు కాలేదు. అన్ని ఎగిరితే కొన్నయినా తుక్కు కాకుండా ఉంటాయా!

కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాములు ఉండగా ఈ రేకుల గొడవ దేనికని మీకు అనుమానం రావచ్చు. నిజమే, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుంచీ ఉంది. డబ్బు కట్టక్కర్లేని ఫ్లైట్‌గేర్ లాంటివీ ఉన్నాయి. కానీ కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే ఫ్లాపులు దిగుతాయి, ఇంకోటి నొక్కితే ఇంజిను జోరందుకుంటుంది. ఆ చదువు వేళ్లకు ఎక్కదు. అసలు విమానంలో ఇంజిను జోరు పెంచే నల్ల నాబ్‌ను లోపలికి తొయ్యాలి. దాని పక్కనే ఎర్ర నాబ్. అది ఇంధనం పాళ్లు సర్దేది. పూర్తిగా బయటికి లాగితే ఇంజిను ఆగిపోతుంది. ఒకదాన్ని పట్టుకోబోయి ఇంకోదాన్ని లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పైలట్లకు కళ్లకు గంతలు కట్టి, ఏ మీట ఎక్కడుందో తడిమి చూపించమనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చీకట్లో మన వంటింటి స్విచ్చు మనకు దొరికినట్టు ఆ మీటలు వాళ్లకు దొరకాలి. అసలైన విమానం గది దొరికితే ఆ అలవాటు ఇంట్లోనే చేసుకోవచ్చన్నది ఈ తుక్కు ప్రియుల వాదన. నాకైతే సబబుగానే తోచింది.

సరే, డొల్ల వచ్చింది. ముందు కోత. దాదాపు 33 అడుగుల రెక్కలను విప్పేస్తారు. వెనక అద్దం దాటాక తోక కోసేస్తారు. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి వాటికి రబ్బరు తొడుగు వేస్తారు. ఇక మిగిలేది రెండు తలుపులు, రెండు సీట్లు, ముందు అద్దం, దాని కింద డొక్కు డాష్‌బోర్డు.

పైలట్ చేతిలో స్టీరింగ్ లాంటి పిడి ఉంటుంది. దాన్ని ‘యోక్’ అంటారు. అంటే ఎద్దుల మెడ మీద వేసే కాడి! దాన్ని తిప్పితే ఉక్కు తీగలు లాగి రెక్కల మీది పలకలు కదులుతాయి. ఇప్పుడు రెక్కలూ లేవు, తీగలూ తెగిపోయాయి. ఆ తీగ కొస ఉన్నచోట ఒక పొటెన్షియోమీటర్ బిగిస్తారు. కంగారుపడకండి, పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ కింద ఉండేది అదే. తిప్పిన కొద్దీ కరెంటు వోల్టేజి మారుతుంది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యుయినో అనే అరచేతిలో పట్టే బోర్డు ఆ మార్పును అంకెలుగా చేసి కంప్యూటర్‌కు చెబుతుంది. పిడి ఇంత తిరిగింది కాబట్టి విమానం ఇంత వాలాలి అని కంప్యూటర్ లెక్కకట్టి, ఎదురుగా తెర మీద నేలను వంచేస్తుంది. కాళ్ల కింది పెడళ్లకూ ఇదే వైద్యం.

కానీ పిడి వేళ్లాడుతూ ఉంటుంది. గాలి ఒత్తిడి లేదు కదా! స్ప్రింగులో, రబ్బరు తాళ్లో కట్టి కాస్త బిగువు తెప్పిస్తారు. ఇక్కడే ఈ విద్యలో ఒక చిక్కుంది. అసలు విమానంలో వేగం పెరిగే కొద్దీ పిడి బిగుసుకుంటుంది, వేగం పడిపోతే మెత్తబడుతుంది. మెత్తబడిందంటే ప్రమాదం దగ్గర్లో ఉందని చేతికే తెలిసిపోతుంది. స్ప్రింగుకు ఆ తెలివి లేదు. అది ఎప్పుడూ ఒకేలా లాగుతుంది. డబ్బున్నవాళ్లు మోటార్లు పెట్టి దీన్నీ సాధిస్తున్నారు. లేనివాళ్లు రబ్బరు తాడుతోనే సర్దుకుంటారు.

అన్నిటికన్నా సతాయించేవి మీటర్లు. ఎత్తు చూపే మీటరు బయటి గాలి పీడనంతో పనిచేస్తుంది. వేగం చూపేది ఎదురుగాలి తోపుతో కదులుతుంది. ముందున్న దిగంతాన్ని చూపేది, లోపల గిర్రున తిరిగే చక్రం ఆధారంగా నిలబడుతుంది. కారు షెడ్డులో గాలీ లేదు, ఎత్తూ లేదు. ఏ ముల్లూ కదలదు. కొందరు మీటర్ల పొట్టకోసి లోపలి సరంజామా తీసేసి, చిన్న మోటారు పెట్టి ముల్లును తిప్పుతారు. ఎత్తు చూపేదానికి గడియారంలా ఒకటికి మించి ముళ్లు. పెద్దది పది చుట్లు తిరిగితే చిన్నది ఒక చుట్టు పూర్తిచేయాలి. ఆ పళ్లచక్రాల దగ్గర చాలామంది చేతులెత్తేసి తేలిక దారి పడతారు. కంతలున్న డాష్‌బోర్డు వెనకాల ఒక టీవీ తెర నిలబెట్టి, ఒక్కో కంతలో ఒక్కో మీటరు బొమ్మ కనబడేలా చేస్తారు. రెండడుగుల దూరం నుంచి చూస్తే బొమ్మో నిజమో పోల్చుకోవడం కష్టం. మరో మాట. రెండో ప్రపంచ యుద్ధం నాటి మీటర్లలో అంకెలు చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు వేసేవారు. ముచ్చటగా ఉందని అలాంటివాటిని విప్పారో, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెలిసినవాళ్లు వాటి జోలికి పోరు.

అద్దం ముందు తెల్లటి వంపు గోడ, పైన మూడు ప్రొజెక్టర్లు. సీటు కింద, శబ్దం బదులు అదురును మాత్రమే ఇచ్చే స్పీకరు లాంటిదొకటి. తలుపు వేసి లైటు తీసేస్తే ఇంజిను వణుకు వెన్నులోకి పాకుతుంది. ఎదురుగా రన్‌వే దీపాలు.

ఇంతా చేస్తే లైసెన్సుకు ఇది పనికొస్తుందా? రాదు. అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. అక్కడి విమానయాన సంస్థ ఆమోదించిన శిక్షణ యంత్రాల్లో గడిపిన కాలాన్ని కొంతమేర లెక్కలో వేసుకుంటారు. ఇంట్లో కట్టుకున్నదాంట్లో వెయ్యి గంటలు కూర్చున్నా లాగ్‌బుక్కులో ఒక్క గంటా ఎక్కదు. వాళ్లకా సంగతి తెలియక కాదు. కంటిచూపు చాలక, గుండె సహకరించక, డబ్బు లేక ఆకాశం అందనివాళ్లు వాళ్లలో ఉన్నారు. లైసెన్సు ఉండి కూడా, వర్షం కురిసే వారాల్లో చెయ్యి మొద్దుబారకూడదని కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే, పైలట్ శిక్షణలో పేరుమోసిన తొలి సిమ్యులేటర్ కూడా ఇలా ఇంటి సరుకుతో పుట్టిందే. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడుండేవాడు. 1904లో పుట్టాడు. తండ్రిది పియానోలు, ఆర్గాన్లు చేసే కర్మాగారం. 1920లో 50 డాలర్లు పోసి తొలి విమాన పాఠానికి వెళ్లాడు. నేర్పింది చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్. ఆయన ఆకాశంలో గిరికీలు కొట్టించి దింపేశాడు తప్ప, పిల్లాణ్ని పిడి ముట్టుకోనివ్వలేదు. 50 డాలర్లంటే ఆ రోజుల్లో చిన్న మొత్తమా! నేల మీదే నేర్చుకునే దారి ఉండాలన్న పట్టుదలతో లింక్ తండ్రి ఫ్యాక్టరీ నేలమాళిగలో పనికి కూర్చున్నాడు. సురభి నాటకాల్లో హార్మోనియం చూశారుగా? వెనక తిత్తి ఊదితే స్వరం పలుకుతుంది. ఆర్గాన్‌లోనూ తిత్తులే. లింక్ ఆ తిత్తులను తీసుకెళ్లి ఒక బుల్లి చెక్క విమానం కింద అమర్చాడు. తిత్తిలో గాలి పీల్చేస్తే ముడుచుకుంటుంది, విమానం ఆ పక్కకు ఒరుగుతుంది. 1929 నాటికి యంత్రం సిద్ధం.

కొన్నదెవరు? ఎగ్జిబిషన్ల వాళ్లు! రంగులరాట్నం పక్కన పెట్టి పిల్లల్ని ఎక్కించారు. పైలట్లను తయారుచేయడానికని కట్టినది తిరునాళ్ల వినోదమైంది.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు విమాన కంపెనీల టపా కాంట్రాక్టులు రద్దుచేసి, ఆ పని సైన్యానికి అప్పగించింది. సైనిక పైలట్లకు పగటి పూట, ఆకాశం తేటగా ఉంటే ఎదురులేదు. రాత్రి వేళ, మంచులో, మీటర్లు మాత్రమే చూసి నడపడం వాళ్లలో చాలామందికి రాదు. కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది లింక్ పెట్టె. చూపించమని న్యూఆర్క్‌కు పిలిచారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఇక రాడులే అని అధికారులు అనుకుంటూ ఉండగా, లింక్ తన విమానాన్ని మీటర్లు చూసుకుంటూ మంచులోంచి దింపేశాడు. అంతకన్నా ఏం చూపించాలి? సైన్యం ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి దాదాపు 10 వేల పెట్టెలు తయారయ్యాయి, సుమారు 5 లక్షల మంది పైలట్లు వాటిలో నేర్చుకున్నారు.

ఆ పెట్టెలో పైలట్ కూర్చున్నాక పైన మూత వేసేసేవారు. బయట ఏమీ కనబడదు. మూత దేనికో తెలియాలంటే 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక పరీక్ష సంగతి వినాలి. మీటర్ల శిక్షణ లేని 20 మందిని నిజం విమానం ఎక్కించి, మబ్బులోకి వెళ్లినట్టు బయటి దృశ్యం కనబడకుండా చేశారు. పక్కన శిక్షకుడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. 20 మందికి 20 మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో! మూడు నిమిషాలు కూడా కాదు.

కారణం మన చెవిలోనే ఉంది. లోపలి చెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, తిరుగుతున్నామని మెదడుకు కబురు వెళుతుంది. మెల్లగా, ఒకే తీరున తిరుగుతూ పోతే కాసేపటికి ద్రవమూ తోడుగా తిరగడం మొదలెడుతుంది. కబురు ఆగిపోతుంది. విమానం ఒక పక్కకు ఒరిగి కిందికి జారుతున్నా, తిన్నగా వెళుతున్నామనే శరీరం ఒట్టేసి చెబుతుంది. అప్పుడు విమానాన్ని సరిచేస్తే అవతలి పక్కకు పడిపోతున్నట్టు ఉంటుంది. కంగారులో మళ్లీ మొదటి పక్కకే తిప్పుతారు. 1999 జులై 16 రాత్రి మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ కెనడీ జూనియర్, భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని చిన్న విమానంలో మసక వాతావరణంలో సముద్రం మీదుగా వెళుతూ కూలిపోయాడు. చీకట్లో దిశాజ్ఞానం తప్పడమే కారణమని దర్యాప్తులో తేలింది. ముగ్గురూ పోయారు.

ఇప్పుడు మన కారు షెడ్డు విమానం దగ్గరికి రండి. అందులో తెర మీద పొగమంచు కురిపించవచ్చు, మీటర్లను వరసగా చూసుకునే అలవాటు కళ్లకు నేర్పవచ్చు. ఎర్ర నాబ్ ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. కానీ అది కదలదు. ఒళ్లు అబద్ధం చెప్పదు. తొంభై ఏళ్ల కిందటి తిత్తుల పెట్టె నిజంగా ఒరిగేది, తిరిగేది. ఆ కాస్త అబద్ధం కూడా, ధగధగలాడే తెరలున్న ఇంటి సిమ్యులేటర్ చెప్పలేదు. అందులో వంద మబ్బులు దాటేశాం కదా అన్న ధైర్యంతో నిజం మబ్బులోకి వెళితే... నన్నడిగితే ఈ ముచ్చటలో భయపడాల్సింది అదొక్కటే. కాస్త బుద్ధిమంతులైన పైలట్లు ఆ తేడా తెలుసుకునే ఎక్కుతారు, దిగుతారు.

ఆ అబద్ధం ఎలా ఉంటుందో చూడటానికి విమానం అక్కర్లేదు. లోపలి చెవి గుట్టు విప్పినందుకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బరానీ పేరు మీద పైలట్లకు ఒక తిరుగుడు కుర్చీ పరీక్ష ఉంది. ఇంట్లో కంప్యూటర్ ముందుండే కుర్చీ చాలు. పక్కన బల్లలు, మూలలు లేకుండా చూసుకోండి. తల తిరిగే జబ్బున్నవాళ్లను, పెద్దవాళ్లను, కడుపునిండా తిన్నవాళ్లను కూర్చోబెట్టకండి. కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుని, బొటనవేలు ఎటు తిరుగుతుంటే అటు చూపించాలి. మెల్లగా, ఒకే వేగంతో అర నిమిషం తిప్పండి. కాసేపటికి వేలు తడబడి, ఆగిపోయామంటుంది. అప్పుడు కుర్చీని మెత్తగా ఆపండి. వేలు ఎటు తిరుగుతుందో ఇంటిల్లిపాదీ చూడండి. కళ్లు తెరిచాక వెంటనే లేవనివ్వకండి.