ఇంటి ఉద్యోగము – తెగిపోవు మాట

భద్రాచలము వైపు అడవి యంచు గ్రామములనుండి వచ్చు జాబులలో ఒక ప్రశ్న మరల మరల కన్పట్టుచున్నది. “ఇంటనుండియే ఉద్యోగము చేయుచున్నాను. పై యధికారులతో మాటలాడునపుడు నా మాట తెగిపోవుచున్నదట. వేగమెక్కువగల ప్లాను తీసికొంటిమి గాని గుణము కన్పడలేదు” అని. ఇది చిన్న యిబ్బందివలె దోచును గాని కాదు. ఎదుటివారికి అడవియు కనబడదు, టవరు ఎంత దూరముననున్నదో తెలియదు. ఉద్యోగిని మాట మాత్రమే వినబడును. అది ముక్కలైనచో ఆ లోపము ఆమె పనితనముమీదనే వ్రాయబడును. కావున ఈ మాసము వంటకములను ప్రక్కకు బెట్టి దీనినిగూర్చి వ్రాయుచున్నాను.

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను మొదలైనపుడు హైదరాబాదులోని ఉద్యోగస్థులనేకులు కంప్యూటర్లను వెంటబెట్టుకొని స్వగ్రామములకు మరలిరి. ఇంటనుండి పనిచేయుట అనునది నాటితో మన యిండ్లలో పరిచితమైన మాటయైనది. ఇండ్లు మాత్రము దానికొరకు కట్టినవి కావు.

ముందుగా తెలియవలసినదేమనగా, మాటకు వేగముకంటె నిలుకడ ముఖ్యము. ఇంటర్నెట్టు మన మాటను సన్నని ముక్కలుగా కోసి పంపును. సాధారణముగా ఒక్కొక్క ముక్క 20 మిల్లీసెకనుల మాట, అనగా సెకనుకు 50 ముక్కలు. ఇందులకు సెకనుకు 100 కిలోబిట్లు చాలును. సినిమా చూచుటకు దీనికి పదిరెట్లు, ఇరువది రెట్లు కావలెను. ఐనను సినిమా ఆగకుండ నడచినచోటనే మాట తెగుట కలదు. ఏలనన, సినిమాను ఫోను ముందుగా కొంత తెచ్చి నిలువచేసికొనును. అది జాడీలోని ఊరగాయ. మాట పెనముమీది అట్టు, ఎప్పటికప్పుడే వడ్డింపవలెను. ముక్కలు ముందువెనుకలుగా వచ్చినచో గొంతు గరగరలాడును; దారిలో పోయినచో అక్షరములు మాయమగును. మాట ఆ చివరకు 150 మిల్లీసెకనులలోపల చేరినచో సంభాషణ సహజముగా నుండునని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమువారి కొలత. అంతకు మించి ఆలస్యమైనకొలది ఒకరి మాటపై నొకరు మాటలాడుట జరుగును.

ఇక దోషమెక్కడనో కనిపెట్టుట. వారి మాట మీకు చక్కగా వినబడుచు, మీ మాట మాత్రము వారికి తెగుచున్నచో, ఇంటినుండి బయటకు పోవు దారి క్రిక్కిరిసినదేమో చూడుడు. సాధారణముగా ఇంటిలో మరియొకరి ఫోను పెండ్లి ఫొటోలను, వీడియోలను తనంతట తాను పైకెక్కించుచుండును. పనివేళలలో దానిని ఆపివేసిన చాలును. వారి మాట వారికే మరల వినబడుచున్నచో, మీ స్పీకరు ధ్వనిని మీ మైకు పట్టుచున్నదన్నమాట. నూరు రూపాయల ఇయర్‌ఫోనుతో పోవు రోగమది. రెండు వైపులను మాట తెగుచున్నచో సిగ్నలునే అనుమానింపవలెను.

ఆకులలోని నీరు రేడియో తరంగములను పీల్చివేయును. కావుననే టేకు, వెదురు దట్టముగానున్నచోట, అందులోను వానకు చెట్లు తడిసియున్నపుడు, సిగ్నలు సన్నగిల్లును. 700, 900 మెగాహెర్ట్జుల తరంగములు చెట్లను దాటినంతగా 2300 మెగాహెర్ట్జులవి దాటజాలవు. అందుచేత పొరుగింట ఏ కంపెనీ సిమ్ము పనిచేయుచున్నదో విచారించుట ప్రకటనలు చదువుటకంటె మేలు. రేకుల కప్పు మరియొక యడ్డంకి. లోహము తరంగములను వెనుకకు కొట్టివేయును. చాల ఫోనులలో సిమ్ముస్థితి యను చోట సిగ్నలు బలము అంకెలలో నుండును. మైనస్ 90 దాపున నున్నచో మంచిది. మైనస్ 110కి దిగినచో కష్టము. ఆ ఫోనును పట్టుకొని వసారా, పెరడు, మేడమెట్లు తిరిగి చూచిన యెడల మీ యింటి పటము మీకే తెలియును. మంచి చోట ఫోనును ఉంచి, దాని హాట్‌స్పాటుతో కంప్యూటరును దగ్గరి గదిలో వాడుకొనవచ్చును. మనిషియే చెట్టుక్రింద కూర్చుండనక్కరలేదు.

ఫైబరు కనెక్షను గలవారు రౌటరును బీరువాలోగాని, ఫ్రిజ్జు వెనుకగాని దాచరాదు. ఇంటి నడుమ ఎత్తున ఉంచవలెను. అదే గదిలో కూర్చుండువారికి 5 గిగాహెర్ట్జుల వైఫై మేలు. గోడలవతల నున్నవారికి 2.4 దూరము వచ్చును గాని మైక్రోవేవు పొయ్యి దానికి ఆటంకము. అన్నిటికంటె మేలైనది రౌటరునుండి కంప్యూటరునకు తీగ వేయుట. చూడ ముచ్చటగా నుండదని వలదనెడివారున్నారు. జీతము వచ్చునది ఆ తీగవెంటనే యని వారితో చెప్పుడు.

ఇంకొక సంగతి నిష్ఠురముగా దోచినను వ్రాయక తప్పదు. ఇంటిలో సిగ్నలు బాగుగానుండు ముందుగది మామగారి పత్రికకును, టీవీకిని వదలి, కోడలికి వంటయింటి ప్రక్కనున్న చీకటి మూల చూపుట నేను పెక్కుచోట్ల చూచితిని. కుమారుడు ఇంటనుండి పనిచేసిన దినమున అదే ముందుగది తలుపు వేసి, ఇల్లంతయు గుసగుసలాడును! సమావేశముండు గంటసేపైనను ఆ గదిని కోడలికిచ్చి, టీవీ ఆపివేయమని అడుగుటకు అత్తగారే తగినవారు. అత్తగారు చెప్పినచో ఎవరును కాదనరు.

విద్యుత్తు పోయినపుడు కంప్యూటరు తన బ్యాటరీతో నడచును గాని రౌటరు ఆగిపోవును. దానికి సరిపడు చిన్న యూపీఎస్ అంగళ్లలో దొరకును. 2022 జూలై 16న గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు పొంగినది. అటువంటి దినములకు ఈ పరికరము చాలదు. రెండవ కంపెనీ సిమ్మొకటి చేతనుండవలెను. సిగ్నలు బొత్తిగా సన్నగిల్లిన దినమున ముందుగా వీడియోను ఆపి మాటను మాత్రము నిలుపుకొనుడు. సమావేశములో మామూలు ఫోను నంబరుద్వారా చేరు వసతి మీ కార్యాలయమువారు ఏర్పాటు చేసియున్నారేమో నేడే అడిగి, ఆ నంబరును గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుడు.