అద్దె మీద కోపంతో కొనే ఇల్లు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ముప్పై లోపు కుర్రాణ్ణి ఇల్లెందుకు కొంటున్నావని అడగండి. ముందు లెక్క చెప్తాడు. "నెలనెలా అద్దె కట్టడం దండగ కదండీ, అదేదో ఈఎమ్ఐ కట్టుకుంటే ఇల్లు మనదవుతుంది." కాసేపు కూర్చోబెట్టి, టీ తాగించి, మళ్లీ అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి. గోడకి మేకు కొట్టినందుకు ఓనరు చేసిన గొడవ. ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చి పది రోజులుంటే "నీళ్లు బాగా అయిపోతున్నాయి" అని మెట్ల మీద వినిపించిన మాట. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో కోసుకున్న నెల అద్దె. ఆడపిల్లలైతే ఇంకో నాలుగు చెప్తారు. రాత్రి పదిన్నరకి క్యాబ్ దిగితే మర్నాడు వాచ్‌మన్ చేత కబురు. ఇల్లు చూపించకముందే "మీరు మనవాళ్లేనా?" అనే ఆరా.

మన నగరంలో యువత కొంటున్న ఇళ్లలో సగం ఈ కోపంతోనే కొంటున్నారని నా అనుమానం. కోపం న్యాయమైనదే. దాని ఖరీదెంతో మాత్రం ఎవరూ కూర్చుని లెక్కవేయడం లేదు.

మియాపూర్ వైపో నల్లగండ్ల వైపో కోటి రూపాయల ఫ్లాటు అనుకుందాం. బ్యాంకు 75 లక్షలు ఇచ్చింది. మిగతా పాతిక చేతి నుంచి పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం. వెరసి గృహప్రవేశానికి ముందే 37.5 లక్షలు సొంత డబ్బు కావాలి. వుడ్‌వర్క్, కార్పస్ ఫండు, కారు పార్కింగ్ ఇందులో చేర్చలేదు. ముప్పై ఏళ్లు నిండని కుర్రాడికి ఇంత ఎక్కడిది? తెనాలి దగ్గర నాన్నగారి ఎకరమో, అమ్మ మెడలోదో, పెళ్లికని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్టో కదులుతుంది. అవేవీ లేకపోతే పర్సనల్ లోన్.

ఇక ఈఎమ్ఐ. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకి, నెలకి సుమారు 65 వేలు. మొదటి నెల కట్టినదాంట్లో 53 వేల పైచిలుకు వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది పన్నెండు వేల లోపు. ఇరవై ఏళ్లూ సక్రమంగా కడితే వడ్డీ రూపంలో పోయేది 81 లక్షలు. అదే ఫ్లాటుని అద్దెకి తీసుకుంటే పాతిక, ముప్పై వేల మధ్య దొరుకుతుంది. ఓనరుకిచ్చే ముప్పై వేలు దండగైనప్పుడు బ్యాంకుకిచ్చే 53 వేలు ఏమవుతాయో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

పన్నులో కలిసొస్తుందని ఆఫీసులో సీనియర్లు ఇచ్చే సలహాకి కాలం చెల్లింది. వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి అది లేదు. జీతగాళ్లలో చాలామంది కొత్త విధానంలోకి మారిపోయారు కూడా.

వడ్డీ రేటు స్థిరంగా ఉంటుందనుకోవడం ఇంకో భ్రమ. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటుని రిజర్వు బ్యాంకు 2023 ఫిబ్రవరికల్లా 6.5కి తీసుకెళ్లింది. ఏడు శాతం మీద ఇరవై ఏళ్లకు తీసుకున్న కొత్త అప్పు తొమ్మిదిన్నరకి పెరిగితే పాత ఈఎమ్ఐ ఆ నెల వడ్డీకే చాలదు. బ్యాంకులు చాలామందికి ఈఎమ్ఐ ముట్టుకోకుండా గడువు పొడిగించుకుంటూ పోయాయి. ఇరవై ఏళ్లనుకున్నది ముప్పై వైపు జరిగిందని స్టేట్‌మెంట్ తీసి చూసుకుంటేగానీ తెలియనివాళ్లున్నారు. చివరికి 2023 ఆగస్టులో, ఈఎమ్ఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని ఖాతాదారునే అడగండని రిజర్వు బ్యాంకు ఆదేశించాల్సి వచ్చింది. 2025లో రేట్లు తగ్గాయి, నిజమే. మళ్లీ పెరగవని హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు కోకాపేట ఎత్తుతారు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది, మీరేమో కొనొద్దంటారేమిటని. ఆ పెరిగింది నేల ధర. ముప్పై అంతస్తుల టవర్లో మీ ఫ్లాటుకి వచ్చే అవిభాజ్యపు వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్ తీసి చూడండి. చాలా చోట్ల అది మీ హాలంత కూడా ఉండదు. మిగతాదంతా సిమెంటు, లిఫ్టు, క్లబ్ హౌసు. అవి ఏటేటా పాతబడేవే. పదేళ్ల కిందట తెల్లాపూర్‌లో ప్లాటు కొని బాగుపడిన బాబాయి కథ చెప్పి, ఇవాళ ఇరవై ఎనిమిదో అంతస్తులో ఫ్లాటు అమ్ముతున్నారు. రెండూ ఒకటి కావు. కొన్న స్థలం సంగతైనా అంతే. 2024లో చెరువుల ఆక్రమణలపై హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఎంతమంది అప్పుడు నేర్చుకున్నారో అందరం చూశాం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డబ్బు కంటే ఆ కుర్రాడి మెడ. 65 వేల ఈఎమ్ఐ ఉన్నవాడు మేనేజరు ఏమన్నా పడతాడు. బెంగళూరులోనో పూనాలోనో మంచి అవకాశం వస్తే ఆలోచిస్తాడు, ఆలోచిస్తూనే ఉంటాడు. చదువుకి సెలవు పెట్టలేడు. ఉద్యోగం పోయి తొంభై రోజులకు మించి వాయిదా తప్పితే బ్యాంకు పుస్తకాల్లో అతని అప్పు మొండి బాకీ. నేర్చుకునే వయసు, ఊళ్లు మారే వయసు ఒకచోట కట్టుబడిపోతుంది. అది కూడా పెళ్లి సంబంధాల వాళ్లు "అబ్బాయికి సొంత ఫ్లాటుందా?" అని అడుగుతారన్న భయంతో.

అద్దెకుండి మిగిల్చిన డబ్బు వీకెండ్లకి పోతుందనే వాదన ఒకటుంది. అందులో నిజముంది. అద్దెకున్నంత మాత్రాన ఎవరూ పొదుపరులైపోరు. జీతం పడిన రోజే సిప్‌కి కొంత పోయేలా పెట్టుకోలేనివాళ్లకి నా లెక్క పనిచేయదు, వాళ్లకి ఈఎమ్ఐయే మేలు. మిగతావాళ్లకి చెప్పేది ఇదీ: ఈ ఊళ్లోనే పదేళ్లుంటామని రూఢి అయినప్పుడు, ఈఎమ్ఐ జీతంలో మూడో వంతు దాటనప్పుడు, ఏడాది ఖర్చు విడిగా పక్కనున్నప్పుడు కొనండి. అప్పుడైనా రెరా నంబరు లేని ప్రీ లాంచ్ జోలికి పోకండి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకి చట్టంలో లేదు.

కోపం సంగతి మాత్రం మిగిలే ఉంది. దానికి మందు ఇల్లు కొనడం కాదు, అద్దె ఇంటిని బాగుచేయడం. కేంద్రం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. వేరే ఒప్పందం లేకపోతే గోడలకు వెల్ల, తలుపులకు రంగు ఓనరు బాధ్యతేనని దాని షెడ్యూల్లోనే రాసుంది. కాకపోతే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకోవాలి. తెలంగాణలో చిరకాలంగా మనం చెప్పుకునే అద్దె చట్టం 1960 నాటిది. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి రాసుకునే పదకొండు నెలల కాగితం మీద లక్షల మంది కాపురాలు నడుస్తున్నాయి. ఐటీ టవర్లకి ఇన్ని రాయితీలిచ్చే ప్రభుత్వం, ఆ టవర్లలో పనిచేసేవాళ్లు తలదాచుకునే ఇళ్లకి ఒక చట్టం ఇవ్వలేదా?

చట్టం వచ్చేదాకా ఓనర్లు ఆగనక్కర్లేదు. ఈ శీర్షిక చదివేవాళ్లలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ఈ నెల మీ వాటా ఖాళీ చేస్తున్న కుర్రాడెవరైనా ఉంటే, రంగుల డబ్బు కోసుకోకుండా, తాళాలిచ్చిన రోజే అడ్వాన్సు లెక్క చూసి చేతిలో పెట్టండి.