ఓటీపీ గట్టిగా చెప్పు

మొన్న కనిగిరిలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డాను. నా ముందు మా డిగ్రీ సెకండియర్ పిల్లాడు, వాళ్లమ్మ. ఏ ఆసుపత్రో చెప్పను. కౌంటర్లో ఆధార్ అడిగారు, ఫోన్ నంబరు అడిగారు. "ఓటీపీ గట్టిగా చెప్పు" అన్నారు. వాడు చెప్పాడు, లైనంతా విన్నది. ఆమె పేరున 14 అంకెల ఆభా నంబరు పుట్టింది. కాగితం మీద అది స్వచ్ఛందం. "ఇదేంది సార్?" అని వాడు నన్నడిగాడు. వాళ్లమ్మ ఏమీ అడగలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తిన్న మోకాళ్లతో అంతసేపు నిలబడటమే ఆమెకు గగనం.

నేను కంప్యూటర్‌కి వ్యతిరేకిని కాదు. బెంగళూరు పనులకు పోయే మనవాళ్ల పాత చీటీలు, స్కానింగులు రేకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. రికార్డు ఉండాలి. నా ప్రశ్న ఒకటే, దాని తాళం ఎవరి దగ్గరుంది?

2018 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అందరికీ కనిపించేలా ఉన్నాయి. హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అందులో కులం పెట్టి వెతకొచ్చు, మతం పెట్టి వెతకొచ్చు. ఊరికి దూరంగా విసిరేసిన వాడను ఒక్క క్లిక్కుతో ఏరి చూపించే ఏర్పాటన్నమాట! రెండు నెలలకే అన్న సంజీవని మందుల షాపుల వంతు. ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా ప్రభుత్వ సైట్లోనే కనిపించింది. మగతనం మందులు కొన్నవాళ్లని పేపర్లు నవ్వులాటగా రాశాయి. నాకు నవ్వు రాలేదు. అదే జాబితాలో టీబీ మందో, మానసిక రోగం మందో ఉంటే?

ఊళ్లో టీబీ అని తెలిస్తే మిరప కోతకు పిలవరు. టీ కొట్టులో గ్లాసు వేరే పెడతారు. వేరే గ్లాసు మనకు కొత్త కాదు, ఇప్పుడు దానికి రోగం సాకు దొరుకుతుంది, అంతే. పెద్దకులాల వాడి రోగం బయటపడితే పరువు పోతుంది. మన రోగం బయటపడితే కూలి పోతుంది.

చట్టం ఉందిగా అంటారు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. తర్వాత వచ్చిన శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా, 2019 బిల్లు రెండూ ఆరోగ్యాన్ని, కులాన్ని, తెగను సున్నితమైన సమాచారం కింద విడిగా చేర్చాయి. 2023లో పాసైన చట్టంలో ఆ జాబితానే లేదు. మీ ఫోన్ నంబరూ మీ కులమూ మీ రోగమూ దాని కంట్లో ఒకటే. పైగా సబ్సిడీలు, పథకాల పేరుతో అయితే ప్రభుత్వానికి అంగీకారం విషయంలో సడలింపు. పథకాల మీద బతికేది ఎవరు? రిజర్వేషన్ల కోసం రోడ్డెక్కిన మనం ఆ జాబితా మాయమైన రోజు ఒక్క కరపత్రం వేయలేదు. నన్ను కలుపుకునే అంటున్నాను.

సాయంత్రం ఆ పిల్లాడికి ఫోన్లో చూపించాను. ఆభా నంబరు తీసేయొచ్చు, ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. వాడు వాళ్లమ్మ వైపు చూశాడు.

"తీసేస్తే మందులీరేమో సారూ" అంది ఆమె.

2009లో ఖమ్మం గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు హాస్టల్ వార్డెన్ల చేత అంగీకార సంతకాలు పెట్టించిన సంగతి వచ్చే వారం రాస్తాను.