రాతిలోని వాయువు, కాగితము మీది లెక్క

శంషాబాదు విమానాశ్రయమున దిగి భాగ్యనగరమునకు బోవువారెవరైనను చుట్టునుండు గుండురాళ్లను చూడకపోరు. సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట కరగిన శిలాద్రవము చల్లారి గట్టిపడిన గ్రానైటు అది. అందు ఆకు లేదు, నాచు లేదు, చచ్చిన జీవి లేదు. కనుక ఇంధనవాయువు పుట్టుటకు ఆధారమే లేదు. ఆ ప్రాంతమున బోరుబావి వేయించిన ప్రతి గృహస్థునకును ఒక సంగతి తెలియును: నీరు రాతిలో నుండదు, రాతి పగులులో నుండును. పగులు తగిలినచో నీళ్లు, తగులనిచో దుమ్ము. ఇంతటి అనుభవము గల మనవారే గోదావరి మండలపు షేలు గ్యాసు మాట వచ్చినంతనే, భూగర్భమున నొక గాదె నిండుగా నున్నదనియు, మూత దీసిన చాలుననియు నమ్ముచున్నారు. నమ్మించువారు నమ్మించుచున్నారు. ఈ భ్రమను మేము ఖండింపక తప్పదు.

2011లో అమెరికా భూగర్భ పరిశోధన సంస్థవారు బొంబాయి, కావేరి, కృష్ణా-గోదావరి మండలములు మూడింట గలిపి తీయదగు షేలు గ్యాసు సగటున 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగు లనిరి. 2013లో ఆ దేశపు ఇంధన సమాచార శాఖవారే కాంబే, కావేరి, కృష్ణా-గోదావరి, దామోదర మండలములకు 96 లక్షల కోట్లనిరి. రెండు లెక్కలలోని ప్రాంతములు పూర్తిగా ఒకటి కావు, నిజమే. అయినను పదునైదు రెట్లకు మించిన భేదమును చూచి, ఇది కొలతయా, ఊహయా యని యడుగవలదా?

ఈ భేదమునకు మూలము రాతి స్వభావమునందే యున్నది. పురాతన సముద్రముల యడుగునను, చిత్తడి నేలలయందును పేరుకొన్న మెత్తని ఒండ్రు, దానితో కలిసి పూర్తిగా కుళ్లక మిగిలిన నాచు, ఆకులలములు, పై పొరల బరువునకు అణగి పలకలు పలకలుగా గట్టిపడినది షేలు. మన గోదావరి మండలమున కొమ్ముగూడెము, రాఘవాపురము అను పేర్లుగల పొరలలో నిట్టి రాయి గలదు. ఆ జీవపదార్థము కెరోజెను అను నల్లని పదార్థముగా మారి, భూతాపమునకు ఉడికి మీథేను వాయువును విడుచును. అందు కొంత పాకిపోయి ఇసుకరాతిని జేరును. ఓ.ఎన్.జి.సి. వారు ఇన్నాళ్లు ఆ మండలమున ప్రధానముగా తీసినది ఆ పాకిపోయిన వాయువే. పాకలేక పుట్టినచోటనే చిక్కినది షేలు గ్యాసు.

చిక్కినదియు ఒక తీరుగా నుండదు. కొంత స్వేచ్ఛావాయువు, రాతి రంధ్రములందును సన్నని పగుళ్లందును ఒత్తిడికి లోబడి నిలుచును. రంధ్రములనగానే తేనెపట్టు గదులు తలపునకు రాగూడదు. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన నందొకటి నానోమీటరు. వీనిలో ననేకము కొన్ని నానోమీటర్లు మొదలు కొన్ని వందల నానోమీటర్ల వెడల్పువి. తక్కినది అధిశోషిత వాయువు. అనగా కెరోజెను గోడలకు అణువులుగా అంటుకొని యుండునది. చందనపు పెట్టెలోని పట్టుచీరను తలచుకొనుడు. మూత తీయగనే పెట్టెలోని గాలి పోవును గాని చీరకు పట్టిన వాసన పోదు; ఆరవేసి దులుపగా దులుపగా మెల్లగా పోవును. లాంగ్‌మ్యూర్ 1918లో తెలిపిన సూత్రము చొప్పున, ఒత్తిడి పెరిగినకొలది అంటుకొనునది పెరిగి, చోటు నిండగనే నిలిచిపోవును. వేడి హెచ్చిన అంటు తగ్గును. తేమ యున్నచో నీరే ఆ చోటు నాక్రమించును. అమెరికాలోనే ఒక షేలున అంటుకొన్న భాగము నూటికి 20, మరొక షేలున 85. ఇట్లుండ టెక్సాసు రాతి కొలతను బట్టి కొమ్ముగూడెము రాతికి లెక్క గట్టుట, పొరుగువాని నాడి చూచి మనకు మందిచ్చుట వంటిది.

పరీక్షయందును ఒక చిక్కున్నది. రాతి దిమ్మెను పైకి లాగునప్పుడే ఒత్తిడి తగ్గి కొంత వాయువు దారిలో పోవును. దిమ్మెను డబ్బాలో బిగించి వెడలినదానిని కొలుతురు. రాతిని పొడిచేసి మిగిలినదానిని కొలుతురు. దారిలో పోయినదానిని మాత్రము ఊహించి కలుపుదురు. స్వేచ్ఛావాయువు హెచ్చుగానుండు లోతైన వేడి రాతిలో దారిని పోవునదియు హెచ్చే. ఎచట ఆశ పెద్దదో, అచటనే ఊహయు పెద్దది.

2013 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు జాతీయ తైలసంస్థలకు షేలు అన్వేషణాధికార మిచ్చిరి. 2018లో ఇతర గుత్తదారులకును ద్వారము తెరచిరి. వాణిజ్యోత్పత్తి నేటికిని లేదు. ఇందులకు మేమెవరిని నిందింపము. రాతిని పరీక్షించుట తప్పు కాదు. పిల్లను చూడకమునుపే శుభలేఖలు పంచుట తప్పు.

శంషాబాదు రాతికి ప్రకృతి యిచ్చిన పగుళ్లను షేలునకు మనుష్యుడు కల్పింపవలెను. మహా ఒత్తిడితో నీటిని పంపి రాతిని పగులగొట్టవలెను. ఒక్కొక్క బావికి సుమారు కోటి లీటర్లు, కొన్నిచోట్ల అంతకు ఇబ్బడి. స్వేచ్ఛావాయువు మొదట జోరుగా వచ్చి తొలి యేటనే బాగుగా తగ్గును. అంటుకొన్నది పిమ్మట బొట్టుబొట్టుగా వచ్చును. ఉత్పత్తి నిలువవలెనన్న మరియొక బావి, మరియొక కోటి లీటర్లు. ఆ నీరు ఏ కాలువనుండి?

కోనసీమవారు 1995 జనవరిలో అంటుకొన్న పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండుట చూచిరి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున గ్యాసుగొట్టము ప్రేలి పలువురు మడియుట చూచిరి. అవి షేలు బావులవలన కలిగినవి కావు; ఆ దోషమును దీనికి అంటగట్టము. కాని అంత చూచిన జనులు ముందుగా ప్రశ్నించిన, వారిని అభివృద్ధి విరోధులని త్రోసివేయుట అన్యాయము.

మేము గ్రానైటు మీద నున్నాము, మాకేమి యని నగరవాసు లనరాదు. కాకినాడనుండి భరూచికి బోవు గ్యాసుగొట్టము తెలంగాణము మీదుగనే సాగుచున్నది. మన ఆటోలో, మన పొయ్యిలో మండు వాయువులో ఈ గుండురాళ్ల క్రిందిది అణువంతయు లేదు. అది ఎవరి పొలము క్రిందనుండియో రావలసినదే.

కావున ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. కృష్ణా-గోదావరి మండలమున దీసిన ప్రతి షేలు దిమ్మె లోతును, వేడిని, అందలి జీవాంగారపు పాలును ప్రకటింపుడు. స్వేచ్ఛావాయు వెంతో, అంటుకొన్న దెంతో వేరుగా చూపుడు. కొలిచినది ఒక వరుసను, ఊహించినది మరొక వరుసను వ్రాయుడు. ఆ పట్టికను తెనుగున ముద్రించి, బావి తవ్వదలచిన ప్రతి గ్రామపు పంచాయతీ కచేరీ గోడకు, తవ్వుటకు ముందుగా అంటింపుడు.