దయకు వెల

నోరులేని జీవులయెడ దయ చూపవలెనని చెప్పనివారు అరుదు. కాని ఆ దయకు కొంత వెల చెల్లింపవలసి వచ్చినప్పుడు ఎందరు ముందుకు వత్తురు? మనుష్యుని నీతికి నిజమైన పరీక్ష అచ్చటనే కలదు.

పెరటికోడి రెక్కలు విప్పును, నేల గీరును, దుమ్ములో పొరలాడును, చాటైన తావు చూచుకొని గ్రుడ్డు పెట్టును. ఇనుపతీగల పంజరములోని కోడికి ఈ భాగ్యము లేదు. ఐరోపా సమాఖ్యలో 1999లో వెలువడిన నిబంధన వట్టి పంజరములలో ఒక్కొక్క కోడికి విధించిన కనీసపు చోటు 550 చదరపు సెంటీమీటర్లు. అది ఒక పెద్ద వ్రాతకాగితమంత కూడ కాదు. 2012 జనవరి 1వ తేదీ నుండి అట్టి పంజరములనే ఆ నిబంధన నిషేధించినది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 2008లో, కోళ్ళు రెక్కలు చాచుటకును, వెనుదిరుగుటకును చోటుండవలెనను ప్రతిపాదన ప్రజల యెదుటకు వచ్చెను. ఓటు వేసినవారిలో నూటికి సుమారు 63 మంది దానిని ఆమోదించిరి. కాని ఆ కాలమున ఆ ప్రజలు అంగడిలో కొనిన గ్రుడ్లలో అధికభాగము పంజరపుకోళ్ళవే!

ఇది కపటమా? పూర్తిగా కాదు. “నేనొక్కడను ఎక్కువ ధర ఇచ్చినంతమాత్రమున ఏమగును?” అని కొనువాడు తలచును. “నేనొక్కడనే చోటు పెంచినచో ఖర్చు పెరిగి నష్టపోదును” అని రైతు తలచును. ఇట్లు ఒకరినొకరు చూచుకొనుచుండగా కోడి పంజరములోనే యుండును. అందరును ఒకే నియమమునకు లోబడినచో ఆ భారము అందరును పంచుకొందురు. చట్టము యొక్క ప్రయోజనమిదియే.

రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితముగా భారతదేశమున 1960లోనే జంతుహింసా నివారణ చట్టము ఏర్పడినది. కదలుటకు తగిన చోటులేని పంజరములో జంతువు నుంచుట నేరమని అది చెప్పుచున్నది. అయినను కోళ్ళ పంజరములు నేటికిని విరివిగా నున్నవి. గ్రుడ్ల ఉత్పత్తిలో తెలుగునేల దేశమున ముందువరుసలో నున్నది గనుక ఈ ప్రశ్న తెలుగువారి ఇంటిప్రశ్నయే.

గ్రుడ్డు పేదబిడ్డకు చవుకగా దొరకు బలవర్ధకాహారము. ధర పెరిగినచో ముందుగా ఆ బిడ్డ పళ్ళెమునుండియే అది తొలగునని కొందరందురు. ఆ మాట సత్యము. కాని పేదవాని పేరు చెప్పి కలవాడు తప్పించుకొనుట న్యాయము కాదు. ఇచ్చుకొనగలవాడు ముందుగా ఇయ్యవలెను. బడిపిల్లల మధ్యాహ్నభోజనములోని గ్రుడ్డునకు పెరిగిన ఖర్చును ప్రభుత్వము భరింపవలెను. రైతునకు మార్పు చేసికొనుటకు గడువును సాయమును లభింపవలెను.

దయ మాటలతో ముగియరాదు. కొనువాని చేతిలోని కొద్దిపాటి పైకము కోడికి రెక్క విప్పుకొను చోటు కాగలిగినపుడే అది దయ యనిపించుకొనును.