డాంబరు అంటిన చేతులు

మొన్న శనివారం సాయంత్రం మా అబ్బాయి ఇంటికి నాలుగు తెలుగు కుటుంబాలవారు భోజనానికి వచ్చారు. ఇది న్యూజెర్సీ. నేనూ మా ఆవిడా వేసవి గడపడానికి ఇక్కడికి వచ్చి రెండు నెలలు కావస్తున్నది. వచ్చినవారిలో ఒకాయన కారు దిగీదిగకముందే నన్ను చూశాడు. నేనప్పుడు వీధి వాకిట ముక్కాలిపీట వేసుకొని, చేతులకు రబ్బరు తొడుగులు తగిలించుకొని, కారు నిలిపే తారుదారిలోని బీటలను పూడుస్తున్నాను. దాన్ని ఇక్కడివారు డ్రైవ్‌వే అంటారు.

"అంకుల్, ఇది మీరు చేయడమేమిటండీ!" అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ వెంటనే మా అబ్బాయి వైపు తిరిగి, "ఏమిట్రా, పెద్దాయన చేత కూలిపని చేయిస్తున్నావా? నాలుగు డబ్బులు పారేస్తే ఎవడో ఒకడు వచ్చి చేసిపోడూ?" అన్నాడు. మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. భోజనాల దగ్గర కూడా ఆ ప్రస్తావన ఆగలేదు. "జీవితమంతా పద్యాలు చెప్పిన చేతులండీ అవి!" అని ఒకరు జాలిపడ్డారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మరొకరు సామెత చెప్పారు. అతిథులు గనుక ఆనాడు నవ్వి ఊరుకున్నాను. అతిథి మర్యాద తీరింది గనుక ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

మిత్రులారా, నేను చేసిన పనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. "కూలిపని" అన్న ఆ మాటను పలికిన తీరులో ఉన్నది సిగ్గు. అలా పలకడం వారికి నేర్పినవారు ఎవరో కారు, మావంటి పంతుళ్లమే.

ముందు పని సంగతి చెబుతాను. పనిని చిన్నచూపు చూసేవారికి తరచుగా ఆ పని ఎట్టిదో తెలియదు.

ఈ దారి కంకరా, ఇసుకా, వాటిని పట్టి ఉంచే నల్లని జిగురూ కలిపి వేసినది. ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి ఆ జిగురులోని మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. అప్పుడు సన్నని బీట పుడుతుంది. బీటలోకి నీరు దిగుతుంది. ఇక్కడి చలికాలంలో ఆ నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అలా పెరిగిన మంచు బీటను పక్కలకు నెడుతుంది. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టే ఈ వరస చలికాలమంతా సాగితే, మార్గశిరంలో వెంట్రుకంత ఉన్న బీట ఫాల్గుణానికి వేలు దూరేంత అవుతుంది. దారి కింద మట్టి నాని కుంగితే గుంత పడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

పూడ్చే పద్ధతి కష్టమైనది కాదు గాని, ఓపిక కావాలి. బీటలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా లాగివేయాలి. తీగల బ్రష్షుతో అంచులు గీకి, దుమ్మంతా ఊడ్చి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. లోతైన బీట అయితే అడుగున ఇసుక గాని, అందుకోసమే అమ్మే నురగ తాడు గాని కూరి, పైన అర అంగుళం లోపు ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలో సీసాతో వచ్చే నల్లని పూడిక ద్రవాన్ని పోసి, చదును చేయాలి. అది కుంగితే మరునాడు మళ్లీ పోయాలి. అన్నీ గట్టిపడిన తరువాతనే దారి మొత్తానికి పైపూత. పైపూత బీటలను పూడ్చదు, పైపైన కాపాడుతుంది, అంతే. ఒక మందపాటి పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలి, ఒక రోజంతా వాన పడకూడదు, ఒకటి రెండు రోజులు కారు ఎక్కించకూడదు. ఏటేటా పూసినా చెరుపే, పేరుకొన్న పూతే పెచ్చులై లేస్తుంది.

నా తొలి ప్రయత్నం చెడిపోయింది. ఉదయం కడిగి, పైన ఆరినట్టు కనబడగానే మధ్యాహ్నం పూడ్చాను. లోపలి తడి ఆరలేదు. వారం తిరగకుండానే పూడిక అంతా పట్టు వదిలి తోలుముక్కలా లేచి వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి. నా తప్పును ఒక దారి దిద్దింది. మళ్లీ గీకి, రెండు రోజులు ఆరనిచ్చి పూడ్చాను. ఇప్పుడు నిలిచింది.

గ్యారేజీ మూలలో ఒకచోట మాత్రం బీటలు మొసలి చర్మంలా అల్లుకొని ఉన్నాయి. అక్కడ నేను చేయి పెట్టలేదు. అది పైపొర రోగం కాదు, పునాది రోగం. అక్కడ తవ్వి తీసి, కంకర వేసి, దిమ్మిసతో అణచి, కొత్తగా వేయాలి. దానికి పని తెలిసినవారిని పిలిపించి, అడిగిన కూలి బేరమాడకుండా ఇమ్మని మా అబ్బాయికి చెప్పాను.

ఇక మాట సంగతి. తెలుగు పంతులు మాట జోలికి పోకుండా ఉండలేడు గదా!

మనం "తారురోడ్డు" అంటాం. ఆ "తారు" ఆంగ్ల పదమే. కాని ఈ రోజు రోడ్లకు వాడే నల్లని జిగురు తారు కాదు. అది ముడిచమురును శుద్ధి చేయగా అడుగున మిగిలే పదార్థం. అసలు తారు బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చేది. రెండూ నలుపే, రెండూ జిగటే, రెంటికీ మనం ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకున్నాం. ఇక్కడ అంగడిలో పైపూత కొనబోయినప్పుడు తెలిసింది, ఆ తేడా ఎంత పెద్దదో. బొగ్గుతారుతో చేసిన పూతలలో పాలీసైక్లిక్ అరోమాటిక్ హైడ్రోకార్బన్లనే రసాయనాలు మెండుగా ఉంటాయి. వాటిలో కొన్ని క్యాన్సరు కలిగించేవి. ఆ పూత అరిగి పొడియై వాననీటితో వాగుల్లోకి, చెప్పులకంటి ఇళ్లలోకి చేరుతుంది. అందుకే టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 2005లో దానిని నిషేధించింది. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో నిషేధించింది. డబ్బా మీద ఏమున్నదో చదివి, బొగ్గుతారు లేనిదే తెచ్చాను. పసిపిల్లలు బోర్లాపడి ఆడుకొనే ఇంటి ముందు ఏది పూయాలో తెలియడానికి మాట తేడా తెలియాలి. పనిని ఏవగించుకొన్న జాతికి పనిముట్లకూ సరుకులకూ సరైన మాటలుండవు.

కాదు, ఉన్నాయి. మాకు వినబడలేదు. అక్కడికే వస్తున్నాను.

నేను పాలమూరు జిల్లాలో ఉద్యోగం చేసినవాణ్ణి. పాలమూరు కూలీలు ఎవరో మీకు చెప్పనక్కరలేదు. కరవు తరిమితే పిల్లాపాపలతో కదలి, దేశం నాలుగు చెరగులా ఆనకట్టలకు మట్టి మోసినవారు, కాలువలు తవ్వినవారు, రోడ్లు వేసినవారు. మా వైపు ఆ నల్లని పదార్థాన్ని తారు అనరు, డాంబరు అంటారు. ఉర్దూ నుండి వచ్చిన మాట.

ముప్పై ఏళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలకు "మా కుటుంబం" అని వ్యాసం ఇచ్చాను. ఒక పిల్లవాడు తన తండ్రి డాంబరు రోడ్డు పనికి పోతాడని రాశాడు. వేడి డాంబరు మీద పడకుండా ఆయన కాళ్లకు గోనెపట్టాలు కట్టుకుంటాడని కూడా రాశాడు. తరగతి మొత్తంలో కళ్లకు కట్టినట్టు రాసిన వాక్యం అదొక్కటే. తక్కినవన్నీ గైడు పుస్తకంలోవి. నేను ఏమి చేశాను? "డాంబరు" చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి, పైన "తారు" అని రాశాను. ఉర్దూ నుండి వచ్చినది గ్రామ్యమట, ఆంగ్లం నుండి వచ్చినది శిష్టమట! అంతటితో ఆగలేదు. నోట్సు తిరిగి ఇస్తూ, తరగతి వినేలా, "బుద్ధిగా చదువు, లేకపోతే నువ్వూ డాంబరు పనికే పోతావు" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు.

ఆ ఏడు సంక్రాంతి తరువాత వాడు బడికి రాలేదు. ఇంటిల్లిపాదీ వలసపోయారని చెప్పారు. నా మాట వల్లనే బడి మానాడని అనను, కారణం కరవు. కాని ఆ ఇంట అన్నం పెట్టిన పనిని వాడి తోటివారి ముందు శిక్షగా ప్రకటించినవాణ్ణి నేను. వాడి తండ్రిని ఒక బెదిరింపుగా వాడుకొన్నవాణ్ణి నేను.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ టపాకు అర్థం లేదు. ఆ తరగతికే నేను పోతన గురించి చెప్పాను. రాజాశ్రయం కాదని, నాగలి పట్టి జీవించిన హాలికుడని మన పరంపర చెప్పుకొనే కథను గద్గదస్వరంతో చెప్పాను. పోతన చేతిలోని నాగలికి నమస్కరించమన్న నోటితోనే, పాఠం రాని పిల్లవాడితో "నాగలి పట్టుకోవడానికి తప్ప పనికిరావు" అన్నాను. నేనొక్కణ్ణే కాదు, నాకు తెలిసిన పంతుళ్లందరూ అన్నారు. మా పంతుళ్లు మమ్మల్నీ అన్నారు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నారు. మేము దానిని శిక్షణ పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా రాసి ఉత్తీర్ణులమై, బడిలో క్రాఫ్టు పీరియడును లెక్కల మాస్టారికి ధారపోశాం. మా చేతుల్లో చదువంటే చేతిపని నుండి పారిపోయే దారి అయింది. అలా పారిపోయి బాగుపడినవారే ఈనాడు సముద్రాలు దాటి వచ్చి, "పెద్దాయన చేత కూలిపనా?" అని అడుగుతున్నారు. వారిని ఏమని తప్పుపట్టను? మేము చెప్పిన పాఠాన్ని వారు చక్కగా ఒప్పజెబుతున్నారు.

ఇక ఆక్షేపణలకు సమాధానం.

"డబ్బు పారేస్తే పోతుంది గదా" అన్నారు. మేము వచ్చిన కొత్తలో ఒక లారీ ఇంటి ముందు ఆగింది. పక్క వీధిలో పని చేయగా కొంత సరుకు మిగిలిందనీ, ఇప్పుడే ఒప్పుకుంటే చవకగా వేసిపోతామనీ చెప్పారు. మా అబ్బాయి సంచి విప్పబోయాడు. పొరుగింటి ముసలాయన వారించాడు కాబట్టి బతికిపోయాం. పలుచని నల్లనీళ్లు చల్లి సొమ్ము తీసుకొని మాయమయ్యే ఈ మోసం ఇక్కడ పాతదేనట. పని తెలియనివాడు మోసగాణ్ణి గుర్తించలేడు. అంతకంటే పెద్ద దోషం, నిజమైన పనివాణ్ణి కూడా గుర్తించలేడు. ఇద్దరికీ ఒకే విధంగా డబ్బు "పారేస్తాడు". ఆ క్రియాపదాన్ని ఒక్కసారి గమనించండి. మనిషి శ్రమకు ఇచ్చే వెలను పారేయడమంటారా?

"పనివాడి నోటి దగ్గరి కూడు తీసినట్టు కాదా?" అన్నారు ఒకరు. వారి దయకు నమస్కారం. రెండు సీసాల పూడికతో పోయే బీట కోసం ఇక్కడ ఏ పనివాడూ లారీ వేసుకొని రాడు. అతడు చేయవలసిన గ్యారేజీ మూల అతడికే ఉంచాను.

"అమెరికా చూసి నేర్చుకున్నారన్నమాట" అని ఒకరు మెచ్చుకోలుగా అన్నారు. ఆ మెప్పూ నాకు వద్దు. ఇక్కడివారు తమ పని తాము చేసుకోవడానికి కూలి ఖరీదు కావడం ఒక పెద్ద కారణం. నడివేసవిలో హైవేల మీద వేడి డాంబరు పరుస్తున్నవారిని కారు అద్దాల్లోంచి చూసి సాగిపోయేవారు ఇక్కడా ఉన్నారు.

నేనేదో కూలీనైపోయాననీ చెప్పుకోను. నీడలో ముక్కాలిపీట మీద, మధ్యమధ్య మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, చల్లని ద్రవాన్ని సీసాలోంచి పోసినవాడు, సుమారు 150 డిగ్రీల వేడి మీదున్న మిశ్రమాన్ని పారతో పరిచేవాడితో పోల్చుకుంటే అది వేరొక సిగ్గుమాలినతనం. నాకు దొరికినది ఆ పని కాదు, దానికి సంబంధించిన ఒక చిన్న ఎరుక మాత్రమే. అది అరవై ఆరో ఏట దొరికింది. పదమూడో ఏట దొరకవలసినది.

ఆ శనివారం నాటి మరొక సంగతి చెప్పి ముగిస్తాను. అతిథుల పిల్లవాడొకడు, ఎనిమిదేళ్లుంటాయి, నా పక్కన గొంతుకు కూర్చొని, "తాతా, నేను పోయనా?" అని అడిగాడు. ఇసుక డబ్బా చేతికిచ్చాను. ఎంత శ్రద్ధగా పోశాడో! ఒక్క గింజ బీట దాటి పడలేదు. ఇంతలో వాళ్లమ్మ గడపలోంచి, "ఛీ, ఆ మురికిపని నీకెందుకురా, లోపలికి వచ్చి చదువుకో" అని కేకవేసింది. వాడు డబ్బా కింద పెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకొని వెళ్లిపోయాడు. ఆ కేక ఆమెది కాదు. ముప్పై ఏళ్ల కిందట ఎర్రసిరా కలం పట్టుకొని ఒక తరగతి గదిలో నిలబడినవాడిది.

ఆ వ్యాసం నోట్సు ఈనాడు ఎక్కడ ఉన్నదో తెలియదు. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఈ టపా అతడి కంటపడుతుందన్న ఆశా లేదు. అయినా పంతులు చేసిన తప్పును పంతులే దిద్దాలి. నాయనా, నీ వ్యాసంలో "డాంబరు" ఒప్పు. నేను చుట్టిన సున్న తప్పు.

స్వస్తి.