బొమ్మ ఒక్కటి చాలదు మహాశయా!

"ఇంటర్నెట్లో దొరకనిదేముందండీ?" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది దేన్నీ చివరిదాకా వెతికినవాళ్ళు కాదు. కావాలంటే పందెం. 1950ల నాటి వాల్వు ట్రాన్స్‌మిటర్ డిజైను ఏదో ఒకటి తీసుకోండి. దాని సర్క్యూటు, దాని వ్యాసం, తర్వాతి నెలల్లో ఏదైనా సవరణ పడితే అది, మూడూ కలిపి సాయంత్రంలోగా పట్టుకురండి చూద్దాం. బొమ్మలైతే కుప్పలుతెప్పలుగా దొరుకుతాయి. నా పేచీ అంతా ఆ బొమ్మలతోనే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లైసెన్సు తీసుకుని, డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ రేడియో ప్రసారాలు చేసేవాళ్ళని హామ్‌లంటారు. ఇప్పుడు ఎక్కువమంది సెట్లు కొనుక్కుంటున్నారు గానీ ఒకప్పుడు సొంతంగా కట్టుకునేవాళ్ళు. ఎలా కట్టాలో నేర్పింది పత్రికలే. అమెరికాలో 1915లో మొదలైన క్యూఎస్‌టీ, 1945లో వచ్చిన సీక్యూ, 1960 నుంచి 2003 దాకా నడిచిన 73. ఇంగ్లండులో ప్రాక్టికల్ వైర్‌లెస్, షార్ట్ వేవ్ మేగజైన్. 1951లో అమెరికాలో కొత్తవాళ్ళకి నోవీస్ లైసెన్సు పెట్టారు. 75 వాట్ల ఇన్‌పుట్‌కి మించకూడదు, ఫ్రీక్వెన్సీ క్రిస్టల్‌తోనే. ఇక ఒక వాల్వు, రెండు వాల్వుల ట్రాన్స్‌మిటర్ల వ్యాసాలు వరద కట్టాయి. 6వీ6 ఒక్కదానితో ఒకటి, 6ఏజీ7 ఆసిలేటరు దాని వెనక 807తో ఇంకొకటి. యుద్ధం తర్వాత సర్‌ప్లస్‌లో వచ్చిన 807లతో మన దేశంలో హామ్‌లూ ఇలాంటివే కట్టారు. కాబట్టి ఇది మనకి సంబంధం లేని గొడవేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. మొన్నామధ్య ఓ మిత్రుడు ఫోన్లో ఓ ఫొటో పంపాడు. 807 ట్రాన్స్‌మిటరు సర్క్యూటు. కింద "సూపర్ డిజైన్, కట్టేయండి" అని ఓ వాక్యం. ఏ పత్రిక? తెలీదు. ఏ సంవత్సరం? తెలీదు. ఎవరు రాశారు? "అదంతా ఎందుకండీ, సర్క్యూటు ఉందిగా" అన్నాడు.

ఎందుకో చెప్తాను.

ఒకటి. పాత అమెరికన్ సర్క్యూట్లలో రెసిస్టరు పక్కన 'ఎం' అని ఉంటే చాలాచోట్ల దానర్థం వెయ్యి. మిలియన్‌కి 'మెగ్' అని రాసేవాళ్ళు. అంటే 50ఎం అన్నది 50 కిలోఓములు. ఈ కాలం కుర్రాడు చూస్తే 50 మెగోములు అనుకుంటాడు. తప్పు వాడిది కాదు. ఆ రోజుల్లో ఏ అక్షరానికి ఏ అర్థమో వ్యాసమూ, బొమ్మ కింది వాక్యాలూ చెప్పేవి. వాటిని కత్తిరించినవాడిది తప్పు.

రెండు. కాయిల్. వ్యాసంలో ఎన్ని చుట్లు, ఎంత వ్యాసం, ఎంత పొడవు అన్నీ ఉంటాయి. బొమ్మలో 'ఎల్1' అని మాత్రమే ఉంటుంది. ఒక్కోసారి వ్యాసంలో కూడా బీ అండ్ డబ్ల్యూ 3015 అని కంపెనీ నంబరిచ్చి ఊరుకుంటారు. అది అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు ఉండే రెడీమేడ్ కాయిల్. ఆ రెండు అంకెలు తెలిస్తే 1928 నాటి వీలర్ సూత్రంతో ఇండక్టెన్సు లెక్కగట్టి మన దగ్గరున్న పైపు మీద చుట్టుకోవచ్చు. ఆ అంకెలు ఉండేది ఎక్కడ? అదే పత్రిక వెనక ప్రకటనల్లో, కేటలాగుల్లో. జాగా కలిసొస్తుందని ప్రకటనల పేజీలు తీసేసి స్కాన్ చేసే మహానుభావులకి ఓ నమస్కారం.

మూడు. క్రిస్టల్. అప్పటి ఎఫ్‌టీ-243 క్రిస్టళ్ళు మొరటువి, ఎక్కువ కరెంటు తట్టుకునేవి. ఇప్పుడు దొరికే చిన్న రేకుడబ్బీ క్రిస్టల్ పెడితే లోపలి పలక పగిలిపోవచ్చు. ఆ కాలపు వ్యాసాల్లోనే జాగ్రత్తగా క్రిస్టల్‌తో సీరీస్‌లో 60 మిల్లీయాంపుల చిన్న బల్బు పెట్టమని, అది బాగా వెలిగితే ఆగమని చెప్పేవాళ్ళు. బొమ్మలో అది ఓ చిన్న సున్నాలా కనిపిస్తుంది. మళ్ళీ గీసేటప్పుడు "ఇదేదో ఇండికేటరులే" అని ఎగరగొడతారు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణాల మీదికొచ్చేది. 807 ఆనోడ్‌కి 600 వోల్టులిస్తారు. చాలా డిజైన్లలో మోర్స్ కీ కేథోడ్‌లో ఉంటుంది. కీ పైకి లేచినప్పుడు దాని రెండు కొసల మధ్య ప్రమాదకరమైన వోల్టేజి నిలబడుతుంది. కీ లోహపు భాగం చాసీ వైపు కలపాలా, కేథోడ్ వైపు కలపాలా అన్నది వ్యాసంలో ఒక్క వాక్యం. బొమ్మలో రెండు వైపులా ఒకేలా ఉంటుంది. తిరగేసి కలిపితే వేలు పెట్టే చోటే షాక్. పవర్ సప్లైలో బ్లీడర్ రెసిస్టరు తీసేస్తే స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లో కరెంటు కాచుకుని కూర్చుంటుంది. ఈ మాటలు లేని బొమ్మని "కట్టేయండి" అని పంపడాన్ని నేను సాయం అనలేను.

నేను పొట్టకూటికి సాఫ్ట్‌వేర్ రాస్తాను. మా దగ్గర ఎవడైనా ఓ ఫైలు పంపి, వెర్షన్ తెలీదు, బగ్గులు సరిచేశారో లేదో తెలీదు, లైవ్‌లో పెట్టేయండి అంటే వాణ్ణి గేటు దాకా సాగనంపుతాం. పత్రికలకీ బగ్గులుండేవి. తప్పు దొర్లితే తర్వాతి సంచికల్లో సవరణ వేసేవాళ్ళు. నెల, సంవత్సరం తెలిస్తే ఆ తర్వాతి నాలుగైదు సంచికలు తిరగేసి చూసుకోవచ్చు. తెలియకపోతే పాత తప్పునే మళ్ళీ టంకం వేస్తాం.

"సెర్చ్ చేస్తే దొరుకుతుందిగా" అంటారు. 807ని అమెరికా సైన్యం వీటీ-100 అంది, బ్రిటిష్ వాళ్ళు సీవీ124 అన్నారు. ఒక పేరుతో వెతికితే మిగతావి రావు. పాత అచ్చుని కంప్యూటరు చదివేటప్పుడు 6వీ6లో 'వీ'ని 'వై' అనుకుందనుకోండి, 6వై6 అనే వాల్వు కూడా నిజంగానే ఉంది! మొదటిదాని హీటరుకి 0.45 ఆంపియర్లు, రెండోదానికి 1.25. సెర్చ్ మీద భారం వేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో వాదన, ట్రాన్సిస్టర్లుండగా ఈ వాల్వుల గోల ఎందుకని. ఇష్టం లేకపోతే కట్టొద్దు. కానీ కట్టేవాడికి సగం కాగితం ఇవ్వొద్దు.

"పత్రికల వాళ్ళు తాళాలేసుకుని కూర్చున్నారు, అందుకే ముక్కలు పంచుకుంటున్నాం" అన్నది మూడో వాదన. 73 సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. బ్రిటిష్ పత్రికలు చాలావరకు వరల్డ్ రేడియో హిస్టరీ సైటులో ఉన్నాయి. క్యూఎస్‌టీ పాత సంచికలు మాత్రం ఏఆర్ఆర్ఎల్ సభ్యులకే. అరవై, డెబ్భై ఏళ్ళ నాటి వ్యాసాలని అందరికీ తెరవాలనే నేనూ అంటాను. అయినా సరే, తాళం వేసిన పూర్తి సంచిక నాకు తాళం లేని చిరుగు ముక్క కన్నా వెయ్యిరెట్లు నయం. తాళం ఇవాళ కాకపోతే రేపు తీయొచ్చు. చించేసిన పేజీ తిరిగి అతకదు.

కాబట్టి నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బొమ్మ పంపితే పత్రిక పేరు, నెల, సంవత్సరం, పేజీ రాయండి. స్కాన్ చేస్తే అట్ట నుంచి అట్ట దాకా చేయండి, ప్రకటనలతో సహా. మళ్ళీ గీస్తే ఏం మార్చారో పక్కనే రాయండి. మీ ఇంట్లో హామ్ తాతయ్యో మావయ్యో ఉంటే, అటక మీది కట్టల్ని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేముందు ఎవరైనా హామ్‌ని పిలిచి చూపించండి. ఆయన మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్న ఒక్క వోల్టేజి అంకె ఏ స్కాన్‌లోనూ దొరకదు.

ఇదంతా చాదస్తం అనేవాళ్ళు ముందు ఆ కీ ఎటువైపు కలపాలో బొమ్మ చూసి చెప్పండి. తర్వాత వాదించుకుందాం.